కోలారు గని, మా అంగడి ఖాతా పుస్తకం

మా ఇంట్లో బీరువా పైన ఒక పొడుగాటి పుస్తకం ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, అంచులు చెదలు కొట్టాయి. ఇది మా తాత అంగడి ఖాతా పుస్తకం. కె.జి.ఎఫ్.లో ఆండర్సన్‌పేటలో మాకు ఒక చిన్న కిరాణా అంగడి ఉండేది. రాగులు, బియ్యం, చింతపండు, సబ్బులు, బీడీలు, చలికాలంలో అయితే మా ఊరి వైపు నుంచి వచ్చే అనపకాయలు. కొనేవాళ్లలో ఎక్కువ మంది గని లైన్లలో ఉండేవాళ్లు. నెలంతా అప్పుకు తీసుకునేవాళ్లు, జీతాల రోజు వచ్చి కట్టేవాళ్లు.

ఈ పుస్తకంలో ఏ పుట పైనా మనిషి పేరు లేదు. లైన్ పేరు, ఇంటి నంబరు, కింద సరుకుల లెక్క, అంతే. చిన్నప్పుడు మేము దీన్ని చూసి తాతకి పేర్లు గుర్తుండవేమో అనుకొనేవాళ్లం. ఒకసారి అడిగితే తాత నవ్వి చెప్పినాడు: "అప్పు ఇచ్చేది మొకం చూసి కాదురా, వాని జీతం రోజు చూసి." ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఈ వ్యాసం ఆ మాట అర్థం చేసుకోడానికి మేము చేసిన ప్రయత్నం. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చొని నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

మా పెద్దలు పుంగనూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. కోలారు జిల్లాకి ఒక పక్క చిత్తూరు జిల్లా, ఇంకో పక్క తమిళనాడు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట, ఎక్కడ సంతకు పోయినా సగం బేరాలు తెలుగులోనే జరుగుతాయి. గని లైన్లలో మాత్రం తమిళం ఎక్కువ. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళిత కుటుంబాలే గని లోపలి పనికి వెన్నెముక. చిత్తూరు వైపు తెలుగువాళ్లు కూడా గనిలో దిగినారు, అంగళ్లు పెట్టినారు, పాలు పోసినారు. బడిలో కన్నడం, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. మాకు అది వింతగా ఉండేది కాదు.

కంపెనీ కాలం

ఈ నేలలో బంగారం ఉందని ఊరివాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. 1802లో మైసూరు సరిహద్దుల సర్వేకి వచ్చిన జాన్ వారెన్ అనే బ్రిటిష్ అధికారి, ఊరిగాం, మారికుప్పం దగ్గర జనం మట్టి కడిగి బంగారు రేణువులు తీయడం చూసి రాసి పెట్టినాడు. చాలా ఏళ్ల తర్వాత, న్యూజీలాండ్ యుద్ధాల నుంచి తిరిగి వచ్చిన మైకేల్ లవెల్ అనే సిపాయి 1873లో మైసూరు సర్కారుని తవ్వకానికి అనుమతి అడిగినాడు. అతని చేతిలో డబ్బు లేదు. 1880లో లండన్ కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చినాకనే అసలు గనులు మొదలైనాయి. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం అనే నాలుగు పెద్ద గనులు వచ్చాయి.

ఆ రోజుల్లో సర్కారు దూరంగా నిలబడి చూసిందని, అంతా ప్రైవేటు పెట్టుబడే చేసిందని అనుకుంటే పొరపాటు. మైసూరు సంస్థానం రాయల్టీ తీసుకొని నేల ఇచ్చింది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో తలపెట్టిన శివనసముద్రం కరెంటు 1902లో మొదట చేరింది బెంగళూరుకి కాదు, కె.జి.ఎఫ్.కి. దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో, అంటే మా ఊరికంటే మూడేళ్లు ఆలస్యంగా. బంగారపేట నుంచి మారికుప్పం దాకా రైలు వేసినారు. బేతమంగళం దగ్గర పాలారు నీళ్లు ఆపి గనికి తెచ్చినారు. లండన్ వాటాదారుల లాభం వెనక సర్కారు కరెంటు, సర్కారు నీళ్లు, సర్కారు నేల ఉన్నాయి.

కూలీకి దక్కింది తడికల ఇల్లు. తర్వాత వచ్చిన లైన్లలో ఒక చిన్న గది, ముందర ఒక వసారా. గని లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కేది. చాంపియన్ రీఫ్ చివరికి 3 కిలోమీటర్లు దాటి దిగింది, చల్లబరిచిన గాలి పంపితే తప్ప లోపల పని చెయ్యలేరు. రాతి ఒత్తిడికి గోడలు పేలిపోయేవి. దాన్ని రాక్ బరస్ట్ అనేవాళ్లు. అది వస్తే పైన ఇండ్లలో గిన్నెలు కూడా అదిరేవని అవ్వ చెప్పేది. బంగారం దొంగతనం పేరుతో కూలీల వేలిముద్రలు తీసుకొని రిజిస్టరు చెయ్యాలని కంపెనీ చూస్తే 1930లో కూలీలందరూ ఒక్కటై పని ఆపేసినారు. కాబట్టి పాత కంపెనీ కాలం బంగారు కాలమని మేము అనము.

సర్కారు గని

1956 నవంబరులో మైసూరు రాష్ట్రం ఈ గనుల్ని తన చేతిలోకి తీసుకుంది. 1962 డిసెంబరులో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ అయింది. అప్పటికి మంచి రాయి చాలా భాగం అయిపోయింది. మొదటి రోజుల్లో టన్ను రాయిలో 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేదంటారు, చివరికి 3, 4 గ్రాములకు దిగింది. బ్రిటిష్ వాళ్లు మీగడ తిని కుండ మనకి ఇచ్చిపోయినారని మా పక్క ఒక మాట ఉంది.

అయినా సర్కారు ఎందుకు నడిపింది? దేశానికి విదేశీ మారకం కరువు. ఇంట్లో తవ్విన బంగారం అంటే బయట డాలరు ఖర్చు కాని బంగారం. గనిలో తీసినది కంపెనీ తన ఇష్టానికి బజారులో అమ్ముకోవడానికి లేదు. చాలా ఏళ్లు సర్కారే తీసుకునేది, అదీ మన బజారు ధరకు కాకుండా దానికంటే తక్కువైన అంతర్జాతీయ ధరకు. ఆ తేడా కంపెనీ పుస్తకంలో నష్టంగా పడేది. అంటే గని నష్టంలో కొంత భాగం రాయి చేసింది, కొంత భాగం లెక్క చేసింది. మేము బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి బతికేవాళ్లం. ఫలితం తప్పు వస్తే ముందు ఇన్‌పుట్ ఏమిచ్చినారో చూడమని మాకు నేర్పిస్తారు. ఇక్కడ ఆ పని ఎంతమంది చేసినారో తెలీదు.

గని ఒక్కటే కాదు. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్, అంటే బీఈఎంఎల్, ఫ్యాక్టరీ ఇక్కడ పెట్టింది. బుల్‌డోజర్లు చేసేది. చాంపియన్ రీఫ్ గని లోతులో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు, జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి 1965లో న్యూట్రినోల జాడ పట్టినారు. 1988లో రాతి ఒత్తిడిని పరిశోధించే జాతీయ సంస్థ కూడా ఇక్కడే పుట్టింది. కంపెనీ ఆసుపత్రి, కంపెనీ బడి, కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు. ఇవన్నీ జీతం చీటీకి ముడిపడినవి. పనివాడు బతికి ఉన్నంత కాలం జీతం రోజు వస్తుందని ఊరంతా నమ్మింది. మా తాత ఖాతా పుస్తకం నిలబడింది ఆ నమ్మకం మీదనే.

1991 తర్వాత

1991లో దేశం చేతిలో రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడే డాలర్లే మిగిలినాయి. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకి పోయింది, అది స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న బంగారం. జులైలో రిజర్వు బ్యాంకు నుంచి దాదాపు 47 టన్నులు విమానాల్లో ఇంగ్లండుకి పోయింది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువ పెట్టినారు. ఇంట్లో ఆడవాళ్ల మెడలోది కుదువ పెట్టి అప్పు తెచ్చినట్లే. దేశం పరువు బంగారంతోనే దక్కింది. ఆ నెలలోనే వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం బంగారం తవ్వే ఊరికి వేరే మాట చెప్పింది: నష్టంలో ఉన్న ప్రభుత్వ కంపెనీలని ఇక మోయము.

తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. బంగారం నియంత్రణ చట్టం 1990లోనే పోయింది. 1992లో విదేశాల్లో ఉండే భారతీయులు సుంకం కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో బ్యాంకులే దిగుమతి చేసుకోవచ్చన్నారు. దుబాయి నుంచి బంగారం మామూలుగా వచ్చే దేశంలో 3 కిలోమీటర్ల లోతుకు దిగి టన్నుకు 4 గ్రాములు తీయడం ఎవరికి కావాలి? ప్రభుత్వ రంగ కంపెనీలు కూడా ఖాయిలా పరిశ్రమల బోర్డు కిందకి వచ్చినాయి. బీఐఎఫ్ఆర్ అంటారు దాన్ని. మా గని 1992లో అక్కడికి చేరింది. పనిని స్వచ్ఛందంగా వదులుకొనేవాళ్లకి డబ్బు ఇవ్వడానికి ఒక జాతీయ నిధి పెట్టినారు. ఒకప్పుడు 30 వేల మంది దాకా పనిచేసిన చోట సంఖ్య ఏటేటా తగ్గుతూ పోయింది.

ఇంకో సంగతి. 1999లో ప్రపంచ బజారులో బంగారం ఔన్సు 260 డాలర్ల లోపుకి పడింది, పెద్ద దేశాల బ్యాంకులే అమ్ముకుంటున్నాయి. గని భవిష్యత్తుని తూచింది ఆ ధరల కాలంలో. 2000లో బోర్డు మూసెయ్యమని సిఫారసు చేసింది. 2001 ఫిబ్రవరి 28 చివరి రోజు. మూడు వేలకు పైగా మందికి మార్చి 1 నుంచి పని లేదు. పదేళ్ల తర్వాత, 2011లో, అదే ఔన్సు 1900 డాలర్ల దగ్గరికి చేరింది. ఇంత ధర వస్తుందని ఎవరూ ముందుగా చెప్పలేరు, నిజమే. కానీ ఒక ఊరి ఆయుష్షుని ఒక ఏడు ధరతో కొలవకూడదని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

గని నడవాల్సిందేనని మేము వాదించడం లేదు. 120 ఏళ్లలో సుమారు 800 టన్నులు ఇచ్చిన నేల అది, అడుగు తగిలినట్లే. రాయచూరు జిల్లాలో హట్టి గని చూడండి. 1947లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైంది. ఇప్పుడు కర్ణాటక సర్కారు కంపెనీ, ఈ రోజుకీ బంగారం తీస్తోంది. సర్కారుదైతే మునుగుతుంది, ప్రైవేటుదైతే తేలుతుంది అనే సూత్రం మా రాష్ట్రంలోనే సరిపోదు. హట్టిలో రాయి ఉంది, మా దగ్గర అయిపోయింది. మా ప్రశ్న వేరే: గని మూసేటప్పుడు ఊరి బాకీ ఎవరు తీర్చాలి? కంపెనీకి ముగింపు పరిహారం అని ఒక ప్యాకేజీ వచ్చింది. ఆసుపత్రికి, బడికి, నీళ్లకి, అంగళ్లకి ప్యాకేజీ లేదు.

మా తెలుగు జిల్లాలకి కూడా ఈ దెబ్బ తగిలింది. కుప్పం పక్కన చిగురుగుంట, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి దగ్గర యెప్పమాన గనులు ఈ కంపెనీవే. పెద్దది మూతబడినప్పుడు అవీ మూతబడినాయి.

అంగడి మూసిన రోజు

ఆ సంవత్సరం మేము ఏడో తరగతి. సైరన్ ఆగిపోవడం గుర్తుంది. పొద్దున షిఫ్టు సైరన్‌కి లేచే అలవాటు మాది, కొన్నాళ్లు ఇంట్లో అందరం ఆలస్యంగా లేచినాం. అవ్వ అయితే సైరన్ లేని పొద్దునకి కూడా సైరన్ వేళకే పొయ్యి ముట్టించేది.

ఖాతా పుస్తకంలో మార్చి నెలలో రాతలు సగానికి తగ్గుతాయి. ఏప్రిల్‌లో కట్టినవి కొన్ని, రాసినవి కొన్ని. తర్వాత రాత లేదు. 41 ఇండ్ల బాకీ అట్లే ఉంది. నాయన వసూలుకి పోదామన్నాడు. తాత ఒప్పుకోలేదు. "జీతం రోజే లేనప్పుడు బాకీ రోజు ఎక్కడిది?" అన్నాడు. కొందరు తర్వాత ఎప్పుడో వచ్చి కట్టినారు, చాలామంది ఊరు వదిలేసినారు. మేము అంగడి మూసి బంగారపేట చేరినాం. ఆ పుటలు మా నష్టం లెక్క అని అప్పుడు అనుకున్నాం. పెద్దయినాక తెలిసింది, ఆ లెక్క మా ఒక్కరిది కాదు. ఆండర్సన్‌పేట, రాబర్ట్‌సన్‌పేటలో అట్లాంటి పుస్తకం లేని అంగడి ఉండదు. ఆ నష్టాన్ని ఏ బోర్డూ కూడలేదు.

పంపులు ఆగినాక గనుల్లో నీళ్లు నిండినాయి. కోర్టు కేసులు నడిచాయి. అమ్మకానికి గ్లోబల్ టెండరు పిలుస్తామని కేంద్రం 2006లో అంది, 2013లో సుప్రీం కోర్టు దానికి అడ్డు తొలగించింది. పాత పనివాళ్లు బాకీ డబ్బు కోసం, ఉంటున్న ఇండ్ల మీద హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగినారు. సైనైడ్ దిబ్బలు మాత్రం అట్లే ఉన్నాయి. గాలికాలంలో ఆ బూడిద పొడి ఇండ్లలోకి, ఊపిరిలోకి పోతుంది. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వెయ్యి ఎకరాల్లో ఉన్న 13 దిబ్బల్ని మళ్లీ తవ్వాలన్న కేంద్రం ప్రతిపాదనకి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. 2018లో వచ్చిన సినిమాతో మా ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఆ సినిమాలో మా ఊరి మనుషులు లేరు. 2021లో కోవిడ్ రెండోసారి ముంచినప్పుడు, 20 ఏళ్లు మూతబడిన గని ఆసుపత్రిని జనం కడిగి తుడిచి మళ్లీ పడకలు వేసినారు. మా వరకు అసలు కె.జి.ఎఫ్. కథ అది.

రైలు, నరసాపుర

ఇప్పుడు మారికుప్పం నుంచి తెల్లవారకముందే రైలు కదులుతుంది. వేల మంది బెంగళూరుకి పోయి రాత్రి తిరిగి వస్తారు. కొందరు సెక్యూరిటీ పనికి, కొందరు దుస్తుల ఫ్యాక్టరీకి, కొందరు మా మాదిరి కంప్యూటర్ పనికి. గనికి దిగే కేజ్ బదులు రైలు పెట్టె వచ్చింది.

జిల్లాలోకి ఫ్యాక్టరీలు కూడా వచ్చాయి. హైవే పక్కన నరసాపురలో 2013లో హోండా బండ్ల ఫ్యాక్టరీ తెరిచింది. తైవాన్ కంపెనీ విస్ట్రాన్ అక్కడే ఐఫోన్లు చేసింది. 2020 డిసెంబరు 12 పొద్దున, జీతాలు సరిగ్గా రాలేదన్న కోపంతో పనివాళ్లు ఆ ఫ్యాక్టరీలో అద్దాలు, యంత్రాలు పగలగొట్టినారు. వాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీల ద్వారా చేరిన కాంట్రాక్టు పిల్లలు. కొందరికి జీతం సరిగ్గా, సమయానికి ఇవ్వలేదని కంపెనీ ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. ఆపిల్ కొన్నాళ్లు కొత్త పని ఇవ్వకుండా ఆపింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి వచ్చింది. పగలగొట్టడం తప్పే. కానీ ఆ వార్త విన్న రోజు మాకు ముందు గుర్తొచ్చింది తాత మాట: జీతం రోజు.

మా చిన్నాయన కూతురు ఒక ఫ్యాక్టరీలో ఏజెన్సీ కింద పని చేసింది. ఎనిమిది నెలల్లో రెండు ఏజెన్సీలు మారినాయి. ఒక నెల జీతం ఏడో తేదీ, ఇంకో నెల పద్దెనిమిదో తేదీ. ఆమె ఉండే గది కింద అంగడిలో గోడకి ఒక కాగితం అంటించి ఉండేది: "సాల కొడువుదిల్ల". అప్పు ఇవ్వము అని. ఫోనుతో స్కాన్ చేసి అక్కడికక్కడ కట్టాలి. అంగడివాడు చెడ్డవాడేమీ కాదు. చూడటానికి వానికి జీతం రోజే కనబడలేదు.

గనిలో పని ప్రాణానికే ముప్పు, ఊపిరితిత్తులు తినేది. కొత్త ఫ్యాక్టరీలో గాలి చల్లగా ఉంటుంది, ఆడపిల్లలకి కూడా పని దొరుకుతుంది, ఇది చిన్న మార్పు కాదు. అయితే పాత పనిలో ఉన్న ఒక్క మంచి, అంటే వచ్చే నెల కూడా ఉంటుందన్న నమ్మకం, కొత్త పనిలోకి రాలేదు. దాన్ని సర్కారు దుబారా అని తీసేసినారు.

మేము ఎవరి పక్షం? నిజం చెప్పాలంటే మాకు సులభం కాదు. గనిని మూసిన ఆ దశాబ్దమే బెంగళూరులో మా ఉద్యోగాన్ని పుట్టించింది. 1991 తలుపులు తెరవకపోతే అమెరికా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ని కన్నడ మీడియం పిల్లలు టెస్ట్ చేసేవాళ్లు కాదు. ఒకే సంస్కరణ మా తాత అంగడి మూయించి మాకు ల్యాప్‌టాప్ ఇచ్చింది. అందుకే ఆ 41 పుటలు మా దగ్గర ఉన్న బాకీ అని ఇప్పుడు అనుకుంటున్నాం, మాకు రావలసింది కాదు, మేము ఇవ్వాల్సింది. డబ్బు రూపంలో తీరేది కాదు. కనీసం ఆ లెక్క ఉందని రాసి పెట్టడం మా పని.

మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి పుస్తకాలు ఉంటాయి. భిలాయిలో, రూర్కెలాలో, జంషెడ్‌పూర్‌లో, సూరత్ మిల్లుల దగ్గర స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఖాతా పుస్తకమో, జీతం చీటీయో, క్వార్టర్స్ కేటాయించిన కాగితమో ఏదైనా పారెయ్యకండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే పక్కన కూర్చొని పుట పుటకీ అడిగి రాసుకోండి. మా తాతని మేము అడిగింది ఒక్కసారే. 41 ఇండ్లలో ఎవరెవరు ఉండేవాళ్లో అడగలేదు.